పడవ బేరానికి వెళ్తున్నావా చెల్లీ?

"అక్కా, మావారు పడవ కొందామంటున్నారు. పాతదేలే. తెరచాప పడవ, ముప్పై అడుగులు. పాత కారు ధరకే వస్తోందట!" మేరీలాండ్, వర్జీనియా వైపు ఉండే మన ఆడపిల్లల నోట ఈమధ్య ఈ మాట తరచూ వింటున్నాను. వినిపించక ఏం చేస్తుంది? పక్కనే చెసపీక్ బే. ఏటా అక్టోబరులో అనాపొలిస్‌లో తెరచాప పడవల ప్రదర్శన. వేసవి క్యాంపులో సెయిలింగ్ నేర్చుకొచ్చిన పిల్లలు ఇంట్లో ఒకటే ఊదర. ఇక ఆయనగారు పడుకునే ముందు ఫోన్‌లో చూసేవన్నీ పడవల ఫోటోలే.

నేను వద్దనను. ఇంజను చప్పుడు లేకుండా గాలి పట్టుకుని నీళ్ళ మీద సాగిపోవడంలో ఉన్న సుఖం నాకూ తెలుసు. పైగా "మనకెందుకమ్మా ఈ పడవలూ గిడవలూ" అనే రోజులు పోయాయి. 2017 సెప్టెంబరులో గోవాలో ఐఎన్ఎస్‌వి తారిణి అనే తెరచాప పడవెక్కి, భూగోళం చుట్టి, 2018 మేలో తిరిగొచ్చిన నేవీ ఆఫీసర్లు ఆరుగురూ ఆడవాళ్ళే. వాళ్ళలో స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్యది హైదరాబాదు. కాబట్టి పడవ మంచిచెడ్డలు చూడ్డం ఆయన వంతు, పులిహోర డబ్బా సర్దడం నీ వంతు అనుకోవద్దు. టార్చిలైటు నువ్వే పట్టుకో.

ముందుగా ఒక భయం తీసేస్తాను. పడవ నలభై ఏళ్ళదని బెంగపడకు. ఇవన్నీ ఫైబర్‌గ్లాస్ పడవలు. 1959లో న్యూయార్క్ బోట్ షోలో పెట్టిన పియర్సన్ ట్రైటన్ లాంటి వాటితో ఈ రకం పడవలు మధ్యతరగతి ఇళ్ళకు అందుబాటులోకి వచ్చాయి. ఆనాటివి కొన్ని ఇప్పటికీ నీళ్ళ మీద తిరుగుతున్నాయి. ఫైబర్‌గ్లాస్ దానంతటది కుళ్ళదు, చెదలు పట్టదు. చిక్కల్లా దాని మధ్యలో దాచిన చెక్కతోనూ, దానికి బిగించిన ఇనప సామానుతోనూ. ఆ రెండింటినీ పాడుచేసేది నీళ్ళు. అదీ కింద ఉన్న బే నీళ్ళకంటే, పైన పడిన వాన నీళ్ళు ఎక్కువ పాడుచేస్తాయి. అందుకని పడవ దగ్గరికి వెళ్ళాక కొత్త కుషన్లు, మెరిసే పాలిష్, గోడకున్న టీవీ చూసి మురిసిపోకు. పైన పటారం లోన లొటారం సామెత ఈ పడవల్ని చూసే పుట్టిందా అనిపిస్తుంది ఒక్కోసారి. నీళ్ళు ఎక్కడ దిగుతున్నాయి, దిగి ఎక్కడికి పోతున్నాయి? ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని పడవంతా తిరుగు.

డెక్‌తో మొదలుపెట్టు. మనం నడిచే ఆ పైభాగం ఒకటే మందపాటి ఫైబర్‌గ్లాస్ పలక కాదు. పైనొక పలచటి పొర, కిందొక పలచటి పొర, మధ్యలో బాల్సా చెక్కో ప్లైవుడ్డో ఉంటుంది. బరువు తక్కువ, గట్టితనం ఎక్కువ అని అలా కడతారు. తాళ్ళు కట్టే క్లీట్లకీ, అంచున రెయిలింగు స్తంభాలకీ, కిటికీలకీ ఆ డెక్‌లో బోలెడన్ని రంధ్రాలు. వాటిలో నింపిన సీలెంట్ ఏళ్ళు గడిచేకొద్దీ ఎండి బీటలు తీస్తుంది. నీళ్ళు సన్నగా లోపలికి దిగి చెక్కని నానబెడతాయి. నానిన చెక్క కుళ్ళిపోతే పై పొరకీ కింది పొరకీ సంబంధం తెగిపోతుంది. చెసపీక్ చలికాలంలో ఆ నీళ్ళు గడ్డకట్టి ఉబ్బి, పొరల్ని ఇంకా విడదీస్తాయి. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.

దీన్ని కనిపెట్టడానికి నీకో చిన్న ప్లాస్టిక్ సుత్తి చాలు. లేకపోతే స్క్రూడ్రైవర్ పిడి. యజమానిని అడిగి, డెక్ మీద జానెడు జానెడు దూరంలో మెల్లగా తట్టుకుంటూ వెళ్ళు. మన అమ్మమ్మలు కుండ కొనేటప్పుడు వేలితో మీటి వినేవాళ్ళే, అదే విద్య ఇది. బాగున్నచోట టక్కుమని గట్టిగా, స్పష్టంగా మోగుతుంది. పొర విడిపోయినచోట బొదబొదమని చప్పుడు చచ్చిపోతుంది. రెయిలింగు స్తంభం మొదట్లో తట్టు. అక్కడ బొదబొదమంటే చెయ్యి కాస్త జరిపి మళ్ళీ తట్టు. ఎక్కడ మళ్ళీ టక్కుమంటుందో అక్కడ మాస్కింగ్ టేపు ముక్క అంటించు. అలా చుట్టూ అంటించుకుంటూ పోతే, కాసేపటికి కుళ్ళిన మేర అంతా పటం గీసినట్టు నీ కళ్ళముందుంటుంది. అరచెయ్యంత ఉంటే అది సర్దుకోదగ్గ పని. తెరచాపని మోసే స్తంభం, అంటే మాస్ట్ దగ్గర్నుంచి ముందు కొసదాకా టేపు పరుచుకుంటే మాత్రం పై పొర కోసి, చెక్క తీసి, కొత్తది పెట్టి, మళ్ళీ ఫైబర్‌గ్లాస్ వేసి రంగు కొట్టాలి. యార్డు కూలి కట్టాల్సి వస్తే ఆ ఖర్చు ఇలాంటి పాత పడవ ధరని దాటిపోవచ్చు.

చెవితో పాటు కాలికీ పని చెప్పు. పలచటి అడుగున్న బూట్లు వేసుకుని నడు. కాలికింద మెత్తగా దిగినట్టనిపిస్తే ఆగు. కేబిన్‌లోకి దిగి సరిగ్గా ఆ చోటు కింద పైకప్పు చూడు. స్క్రూల చుట్టూ గోధుమరంగు మరకలు జారి ఉంటే, అల్మారా తలుపు తియ్యగానే ముక్కవాసన గుప్పుమంటే, వెతికింది దొరికినట్టే. పాత పడవలో ఒక్క ఆ మూలనే కొత్త రంగు కనిపించినా సంతోషించకు. ఎందుకు వేశారని అడుగు.

ఇక కీల్. పడవ పొట్టకింద వేలాడే బరువు అది. గాలికి పడవ ఒరిగితే మళ్ళీ నిలబెట్టేది అదే. ఈ బేలో ఎక్కువగా కనిపించే కాటలినా 30 సంగతే తీసుకో. 1970ల నుంచి ఆరు వేలకు పైగా తయారైన పడవ అది. దాని మామూలు కీల్ నాలుగు వేల పౌండ్ల పైచిలుకు సీసం, నీళ్ళలో ఐదడుగులకు పైగా దిగుతుంది. చెసపీక్ సగటు లోతేమో ఇరవయ్యొక్క అడుగులు, ఒడ్డువైపు చాలాచోట్ల అంత కూడా ఉండదు. అంచేత ఇక్కడి పడవ ఎప్పుడో ఒకప్పుడు నేలకి తగలకుండా ఉండదు. మెత్తటి బురదలో కూరుకుపోతే పెద్ద నష్టం లేదు. రాయికి కొట్టుకున్న పడవ కథ వేరు. కీల్ కింది కొస రాయికి తగిలి ఆగిపోతుంది, పడవ మాత్రం ఊపుమీద ముందుకు తోసుకుంటుంది. ఆ తోపుకి కీల్ ముందు భాగంలో బోల్టులు కిందికి లాగుకుంటాయి, వెనక అంచు పడవ పొట్టలోకి పైకి పొడుచుకొస్తుంది.

అందుకని కేబిన్ నేల పలకలు ఎత్తి బిల్జ్‌లోకి చూడు. పడవ అట్టడుగున ఉండే ఆ గుంటలోకి మగవాళ్ళ చెయ్యి పట్టనిచోట మన చెయ్యి పడుతుంది. కీల్ బోల్టుల తలలు అక్కడే ఉంటాయి. తుప్పు పొరలు పొరలుగా లేస్తోందా, నట్టు సన్నబడిందా చూడు. అడ్డంగా ఉన్న దూలాల్లాంటి కట్టుబడి, ముఖ్యంగా కీల్ వెనక కొస మీదుండేది, పొట్టనుంచి విడివడిందా, వెంట్రుకంత బీటలున్నాయా వేలితో తడిమి చూడు.

తర్వాత పడవని క్రేను పట్టీల మీద ఎత్తించు. గాలిలో వేలాడుతున్నప్పుడు కీల్‌కీ పొట్టకీ మధ్య అతుకు చూడు, కింద కీల్ మీద నిలబెట్టాక మళ్ళీ అదే చోటు చూడు. వేలాడినప్పుడు తెరుచుకుని, నిలబెట్టగానే మూసుకునే సందు ఉంటే ఆ కీల్ వదులైంది. ఆ అతుకులోంచి తుప్పునీళ్ళు కారుతుంటే బోల్టులు లోపల నీళ్ళలో నానుతున్నాయి. స్టెయిన్‌లెస్ స్టీలు కదా అని ధీమా పడొద్దు. గాలి తగలని తడిసందులో ఉంటే అది కూడా గుట్టుగా తినుకుపోతుంది. కాటలినాల్లో ఈ అతుకు ముందువైపు నవ్వుతున్నట్టు వంకరగా పగలడం అందరికీ తెలిసిందే. చాలావాటికి బోల్టులు బిగించి సందు పూడ్చి కొత్త సీలెంట్ పెడితే సరిపోతుంది. కానీ పాతవాటిలో కీల్ పైభాగాన చెక్క పెట్టి కట్టారు. అది కుళ్ళినచోట ఎంత బిగించినా నట్టు దిగుతూనే పోతుంది. పైకి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకే ఇక్కడ సొంత వైద్యం పనికిరాదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, కీల్ విషయంలో అలక్ష్యం ప్రాణం మీదికి తెస్తుంది. 2014 మేలో చీకీ రఫీకీ అనే నలభై అడుగుల పడవ ఆంటిగ్వా నుంచి ఇంగ్లండు వెళ్తూ అట్లాంటిక్ మధ్యలో కీల్ ఊడి తలకిందులైంది. నలుగురు బ్రిటిష్ నావికులు దొరకలేదు. బ్రిటన్ నౌకాప్రమాదాల దర్యాప్తు సంస్థ 2015లో ఇచ్చిన నివేదికలో, ఆ పడవ అంతకుముందు పలుసార్లు నేలకి తగలడం, తర్వాత చేసిన మరమ్మతులు, అన్నీ కలిసి కీల్ అతుకుని బలహీనపరిచి ఉండొచ్చని తేల్చింది. నేలకి తగిలిన పడవ పైకి చక్కగానే కనిపించవచ్చు. కాబట్టి "ఎప్పుడైనా గట్టిగా తగిలిందా? ఎక్కడ? ఎవరు బాగుచేశారు? బిల్లులున్నాయా?" అని మొహం మీద అడుగు.

మాస్ట్ సంగతి చెప్పాలంటే ముందు బాత్రూం తలుపు సంగతి చెప్పాలి. నవ్వకు. ఈ పడవల్లో చాలావాటికి మాస్ట్ డెక్ మీద నిలబడుతుంది. దాని భారం కేబిన్‌లో ఉన్న ఒక స్తంభం మోస్తుంది. ఆ స్తంభం అడుగున చెక్క దిమ్మె ఉంటే, అది బిల్జ్ తడికి మెత్తబడి స్తంభం కుంగుతుంది, దాంతో డెక్ కుంగుతుంది, పక్కనున్న తలుపు చట్రం నలిగి తలుపు పట్టేస్తుంది. అందుకని ప్రతి తలుపూ వేసి తీసి చూడు. బిగుసుకున్నా, ఎవరో అంచు చెక్కిన గుర్తులున్నా, పైకెళ్ళి మాస్ట్ మొదట్లో డెక్ మీద తిన్నని కర్ర అడ్డంగా పెట్టు. కర్ర కింద సందు కనిపిస్తే డెక్ కుంగినట్టే.

మాస్ట్‌ని నిలబెట్టే ఉక్కు తీగలు డెక్ అంచుల్లో చెయిన్‌ప్లేట్లు అనే లోహపు పట్టీలకి కట్టి ఉంటాయి. అవి డెక్‌లోంచి దూరి లోపలి అడ్డుగోడలకి బిగించి ఉంటాయి. పట్టీ డెక్‌లో దూరేచోటే నీళ్ళు నిలిచేది, ఆ కనపడని అంగుళంలోనే స్టీలు పగిలేది. లోపల అడ్డుగోడ మీద అక్కణ్ణుంచి నల్లమరక కిందికి జారి ఉంటే స్క్రూడ్రైవర్ కొసతో మెల్లగా నొక్కి చూడు. దిగిందంటే ఆ ప్లైవుడ్ పోయింది. తీగల వయసూ అడుగు. పది పదిహేనేళ్ళు దాటాయంటే మార్చమని ఇన్సూరెన్సువాళ్ళే అడిగే అవకాశం ఉంది. ఆ లెక్క ధరలో కలుపుకో.

చుక్కాని కూడా పటారమే. బయట రెండు ఫైబర్‌గ్లాస్ చిప్పలు, లోపల ఫోమ్, దాని మధ్యలో స్టీలు కడ్డీకి వెల్డింగ్ చేసిన పట్టీలు. పడవని ఒడ్డున పెట్టి రోజులు గడిచినా చుక్కాని అడుగునుంచి బొట్టుబొట్టుగా నీళ్ళు కారుతుంటే లోపల చెరువే ఉంది. ఆ నీళ్ళు తుప్పురంగులో ఉంటే వెల్డింగు మీద అనుమానం పెట్టుకో. కింది కొస రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపు. టకటకమని ఆడకూడదు. నేను చెప్పిన తారిణి కొత్త పడవ, చక్కగా చూసుకున్న పడవ. దానికే దారిలో స్టీరింగు చెడిపోతే, అనుకోని మజిలీగా మారిషస్‌లో ఆగి బాగుచేయించుకోవాల్సి వచ్చింది. నేవీ అండ ఉంది కాబట్టి సరే. మనకి ఆదివారం సాయంత్రం పిల్లల్ని వేసుకుని వస్తుంటే అలా జరిగితే?

పడవ పొట్టమీద పొక్కులు చూసి మాత్రం హడలిపోకు. ఏళ్ళ తరబడి నీళ్ళలో ఉన్న ఫైబర్‌గ్లాస్‌లోకి తడి ఇంకి పొక్కులు లేస్తాయి, చిదిమితే వెనిగర్ వాసన వేసే ద్రవం వస్తుంది. చాలావరకు అది చర్మం పైపై జబ్బు. బేరమాడడానికి పనికొస్తుంది. అలాగే పైపొరలో వెంట్రుకవాసి గీతలు. అన్నీ ప్రమాదం కావు గానీ, ఒక బిందువు చుట్టూ నక్షత్రంలా విచ్చుకుంటే అక్కడేదో తగిలింది, ఒకదాని పక్కన ఒకటి సమానంగా సాగితే అక్కడ పడవ వంగుతోంది అని అర్థం చేసుకో. పొట్టకున్న రంధ్రాల వాల్వులు మాత్రం ప్రతిదీ తిప్పి చూడు. ఇత్తడి రంగు పోయి గులాబీ రంగుకి తిరిగితే అందులో బలం లేదు. అది విరిగితే పడవ మునుగుతుంది.

ఇంకో ప్రశ్న: "2012 అక్టోబరులో ఈ పడవ ఎక్కడుంది?" శాండీ తుఫానులో పాడైనవీ పోయినవీ అరవై అయిదు వేల పైచిలుకు పడవలని బోట్ యూఎస్ సంస్థ అంచనా వేసింది. తుఫాను దెబ్బ తిన్న పడవలు బాగుపడి, చేతులు మారి, మళ్ళీ బజారులోకి వస్తుంటాయి. బాగుచేస్తే తప్పు లేదు. చెప్పకుండా అమ్మితేనే తప్పు.

ఇదంతా నువ్వు చూసేది కొనాలా వద్దా అని తేల్చుకోడానికి కాదు, పడవని పరీక్షించి రిపోర్టు రాసే సర్వేయర్‌ని పిలిచి డబ్బు ఖర్చుపెట్టడం దండగా కాదా అని తేల్చుకోడానికి. ధర కుదిరాక "సర్వేకీ, నీళ్ళలో నడిపి చూడ్డానికీ లోబడి" అని కాగితం మీద రాయించు. మామూలుగా పదిశాతం అడ్వాన్సు ఇస్తారు. రిపోర్టు నచ్చకపోతే అది తిరిగొచ్చేట్టు ఆ కాగితంలో స్పష్టంగా ఉండాలి. సర్వేయర్‌ని నువ్వే వెతుక్కో. శామ్స్, నామ్స్ అనే రెండు సంఘాల గుర్తింపు ఉందా చూడు. బ్రోకర్ మంచివాడే అయినా అతని కమీషను అమ్మేవాళ్ళ డబ్బులోంచి వస్తుంది. సర్వేయర్ ఫీజు అడుగుకి సుమారు ఇరవై ముప్పై డాలర్లు, క్రేను ఖర్చు వేరు. సర్వే రోజు సెలవు పెట్టుకుని సర్వేయర్ వెనకే తిరుగు. రిపోర్టులో రాసేదానికంటే నోటితో చెప్పేది ఎక్కువ ఉంటుంది. ఆయన ఇంజను విప్పడు, సాధారణంగా మాస్ట్ ఎక్కడు, వాటికి వేరే మనుషులు కావాలి. అక్కడ మగవాళ్ళంతా మీవారి మొహం చూసే మాట్లాడుతుంటారు. పట్టించుకోకు. మధ్యలో దూరి అడుగు.

రిపోర్టు చూసి కంగారుపడకు, పాత పడవకి పేజీల కొద్దీ తప్పులు రాస్తారు. వాటిని మూడు కుప్పలు చెయ్యి. పొక్కులు, గీతలు, కుషన్లు, కారే కిటికీ మొదటి కుప్ప, వాటితో కాపురం చెయ్యొచ్చు. పాత తీగలు, అరచెయ్యంత మెత్తటి డెక్, నానిన చుక్కాని రెండోది, బాగుచేయించే ఖర్చు రాయించుకుని ధరలో తగ్గించమను. వదులైన కీల్, పొట్టనుంచి విడిపోయిన దూలాలు, కుంగిన మాస్ట్ స్తంభం, సగం పైగా కుళ్ళిన డెక్ మూడో కుప్ప. అందులో ఒక్కటున్నా లేచి వచ్చెయ్.

ఉత్తినే ఇస్తానన్నా సరే, లేచి వచ్చెయ్. డాకు అద్దె, శీతాకాలం ఒడ్డున పెట్టినందుకు అద్దె, చివరికి ఎవరూ కొనకపోతే ముక్కలు చేసి పారేయించడానికి కూలి, ఇవన్నీ ఆఖరి యజమాని నెత్తినే పడతాయి. ఆ ఆఖరి యజమాని నువ్వు కావద్దు.

మనవాళ్ళు ఎక్కువగా మునిగేది ఇక్కడే. అమ్మేది ఓ పెద్దాయన. భార్య పోయింది, మోకాళ్ళు సహకరించడంలేదు. మీకు టీ ఇస్తాడు, పాత లాగ్‌బుక్ చూపిస్తాడు, మీ బాబు చేతికి చుక్కాని పిడి ఇస్తాడు. ఇంత మర్యాద చేశాక వద్దనడానికి నోరు రాదు. "పాపం, ఆయన ఆశ పెట్టుకున్నాడు, సర్వేకి డబ్బు కూడా పెట్టేశాం" అనుకుంటూ సంతకం పెట్టేస్తారు. సర్వేకి పెట్టిన ఎనిమిది తొమ్మిది వందలు పోయాయని ఏడవకు, అవి వేలల్లో పోకుండా ఆపిన డబ్బులు. రిపోర్టు నకలు ఆయనకిచ్చి, "పడవ బాగా చూసుకున్నారండీ, కానీ కీల్ పని మావల్ల కాదు" అని చెప్పి దణ్ణం పెట్టు. పడవలు అమ్మీ కొనీ అలవాటున్న మనిషి, ఏమీ అనుకోడు.

తొందరేం లేదు. అక్టోబరు దాటాక బయల్దేరు. అప్పటికి పడవలు ఒక్కొక్కటిగా ఒడ్డుకెక్కుతాయి, పొట్టా కీలూ చుక్కానీ అన్నీ కళ్ళముందే ఉంటాయి. చలికాలపు అద్దె తప్పించుకోవాలని యజమానులు కూడా ధర దగ్గర మెత్తబడతారు. వెళ్ళేటప్పుడు ప్లాస్టిక్ సుత్తి, టార్చి, మాస్కింగ్ టేపు పర్సులో పడెయ్. చెక్కుబుక్కు ఇంట్లోనే ఉంచు.